కొరాపుట్ చలిలో ఎమల్షన్ వేసేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

కొరాపుట్ జిల్లా సెమిలిగుడలో ఒక ఇంటికి రంగులు వేసే పని ఒప్పుకున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. సంతోషం. కానీ డిసెంబరులో ఆ కొండల మీద ఎమల్షన్, అంటే నీళ్లలో కలిసే గోడ రంగు, వేయడం మన బరంపురంలో వేసినట్టు కాదు.

రోలర్ తీయగానే గోడ మీద గుబ్బలు, మూలల్లో బ్రష్ గీతలు కనిపిస్తాయి. కంగారుపడి మళ్లీ మళ్లీ రుద్దకు. తడి ఉన్నంతసేపు తలతన్యత (ద్రవం పైపొరను బిగించి లాగే గుణం) వల్ల రంగు తనంతట తనే చదును అవుతుంది. నీరు ఆరేకొద్దీ రంగు చిక్కబడి, ఇక కదలలేక ఎక్కడి గీత అక్కడే ఉండిపోతుంది. అప్పుడు బ్రష్ పెట్టావంటే సగం బిగిసిన పొర లేచి వస్తుంది.

పొర మందం సగానికి తగ్గితే గీతలు కలిసిపోవడానికి 8 రెట్లు సమయం కావాలి. రంగు మిగులుతుందని రోలర్‌ను పొడిపొడిగా లాగకు. అలాగని మరీ దట్టంగా పట్టిస్తే జారుతుంది. గీతల మధ్య ఎడం సగమైతే మాత్రం 16 రెట్లు త్వరగా సర్దుకుంటాయి. అందుకే మెత్తటి, సన్న కుచ్చు బ్రష్ కొను, ధర చూడకు. లప్పం మీద ప్రైమర్ తప్పకుండా వెయ్యి. లేకపోతే గోడ నీళ్లు పీల్చేసుకుని రంగుకు సర్దుకునే టైమే ఇవ్వదు. ఫ్యాన్ ఆపెయ్. మొదలుపెట్టిన గోడను మూల దాకా ఆపకుండా లాగెయ్, మధ్యలో టీకి వెళ్లొద్దు.

ఇక చలి సంగతి. దీనికే నా భయమంతా. ఎమల్షన్‌లో కంటికి కనిపించని రెజిన్ (రంగును గోడకు పట్టి ఉంచే జిగురు) రేణువులు నీళ్లలో తేలుతుంటాయి. నీరు పోయాక అవి మెత్తటి పిండి ముద్దల్లా ఒత్తుకుని ఒకే పొరగా అతుక్కోవాలి. చలికి అవి గట్టిగా ఉండిపోతే అతుక్కోవు. చూడటానికి ఆరినట్టే ఉంటుంది, చేత్తో రాస్తే పొడి రాలుతుంది. డబ్బా మీద ఎన్ని డిగ్రీలకు తగ్గకూడదో చదువు, చాలావాటికి 10 అని ఉంటుంది. గాలి కంటే గోడ ఇంకా చల్లగా ఉండొచ్చు, చెయ్యి ఆనించి చూసుకో. మంచు విడిచి గోడకు ఎండ తగిలాకే మొదలుపెట్టి, మధ్యాహ్నం రెండింటికల్లా ఆపెయ్. సాయంత్రం వేసిన కోటు రాత్రి చలిలో చిక్కుకుంటుంది.

ఇంటివాళ్లు ఎంత తొందరపెట్టినా రెండో కోటు మర్నాడే. ముందు బల్బు గోడకు దగ్గరగా పట్టుకుని పక్కనుంచి చూడు, గుబ్బలుంటే సన్న ఎమిరీ పేపర్‌తో తీసి దుమ్ము తుడువు.

మావయ్య
బరంపురం