ఇల్లు తుడిచినా తుమ్ములు ఆగడం లేదు

ప్రశ్న: అక్కా, మేం రెండేళ్ల కిందట హైదరాబాద్ నుంచి చెన్నై వచ్చాం. తిరువాన్మియూర్‌లో బీచ్‌కి దగ్గరగా మొదటి అంతస్తులో ఉంటున్నాం. మా ఎనిమిదేళ్ల బాబుకి పొద్దున లేస్తూనే తుమ్ములు, ముక్కు కారడం. డాక్టర్ అలర్జీ అన్నారు, ఇల్లు శుభ్రంగా ఉంచమన్నారు. రోజూ రెండు పూటలా ఊడ్చి, ఫినాయిల్ వేసి తడిగుడ్డ పెడుతున్నాను. అత్తయ్యగారు ఇచ్చిన బూరుగుదూది పరుపుని ఆదివారాలు డాబా మీద ఎండేస్తున్నాం. అయినా తగ్గడం లేదు. ఇంకేం చేయాలి?
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు వంటింట్లోకెళ్లి ఉప్పు డబ్బా మూత తీసి చూడండి. గడ్డకట్టి, అడుగున నీరు ఊరి ఉంటుంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని తనే కరగడం మొదలెడుతుంది. కల్లుప్పు అయితే ఇంకా ముందే. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు మీ కిటికీ మెష్ మీద, కర్టెన్ల మీద, గోడల మీద కూడా పేరుకుంటుంది. అక్కడా అదే జరుగుతుంది. అందుకే మన ఇళ్లు ఎంత తుడిచినా ఆరినట్టుండవు.

మీకు హైదరాబాద్ అలవాటు ఉంది కాబట్టి దుమ్మునే శత్రువనుకుంటున్నారు. ఇక్కడ అసలు శత్రువు చెమ్మ. ఇలాంటి అలర్జీకి తరచూ కారణమయ్యేవి పరుపుల్లో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్లనే చిట్టి పురుగులు, అవి కంటికి ఆనవు. వాటికి తిండి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొలుసులు. అవి నీళ్లు తాగవు, గాలిలోని తేమనే పీల్చుకుని బతుకుతాయి. తేమ 50 శాతం లోపు చాలా రోజులుంటే ఎండిపోయి చస్తాయి. మీరేమో రోజుకి రెండుసార్లు బకెట్ నీళ్లు నేల మీద పరుస్తున్నారు! ఒక్కపూట చాలు. అదీ పదకొండు గంటల ఎండలో, గుడ్డని గట్టిగా పిండి, తుడిచాక ఫ్యాన్ వేసి నేల ఆరేదాకా ఉంచండి. ఫినాయిల్ వాసన వస్తే ఇల్లు శుభ్రమైనట్టు కాదు, ఆ ఘాటుకే కొందరికి తుమ్ములొస్తాయి. పొడి చీపురు కూడా దుమ్ముని లేపి గాలిలో తిప్పుతుంది. బాబు బడికెళ్లాక ఊడవండి.

నా సంగతి చెబుతాను. నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడే చెన్నై బీసెంట్ నగర్‌లో కాపురం పెట్టిన కొత్తలో బీరువాని బాత్రూం గోడకి ఆనించి పెట్టాను. నాలుగేళ్లు మా ఆయనకి రాత్రిళ్లు ఆయాసం. ఒకసారి పెయింట్ వేయిద్దామని బీరువా జరిపితే, వెనక గోడ మీద అన్నం కంచమంత నల్లని బూజు! పట్టుచీరల మడతల్లోనూ తెల్లటి మచ్చలు. పెయింటర్ దాని మీదే రంగు కొట్టేస్తానన్నాడు, కొట్టించాను కూడా. ఆరు నెలలకి పొక్కులు లేచి మళ్లీ అదే బూజు. గోడలోపల కారుతున్న పైపు బాగుచేయించాకే పోయింది. మీరూ సామాన్లని గోడకి నాలుగు వేళ్ల ఎడం ఉంచండి. బూజుని సబ్బునీళ్లతో రుద్ది, గోడని పూర్తిగా ఆరబెట్టండి. బ్లీచింగ్ వాడితే మాత్రం దాన్ని బాత్రూం యాసిడ్‌తో కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇక పరుపు. ఎండేయడం మంచిదే, చెమ్మ పోతుంది, కొన్ని మైట్లు చస్తాయి. కానీ అలర్జీ తెచ్చేది ముఖ్యంగా వాటి రెట్ట. చచ్చినా అది దూదిలోనే ఉంటుంది. డాబా మీదే కర్రతో బాగా కొట్టండి. ఆ సమయంలో బాబు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, మీరు కూడా ముక్కుకి గుడ్డ కట్టుకోండి. బూరుగుదూది పరుపుని పూర్తిగా శుభ్రం చేయడం నిజంగా కష్టం. అత్తయ్యగారు నొచ్చుకుంటారనిపిస్తే పారేయక్కర్లేదు. జిప్‌తో పూర్తిగా మూసుకునే, నేత బిగువుగా ఉన్న కవరు తొడగండి. దిండుకీ అంతే. దుప్పట్లు, గలేబులు వారానికోసారి వాషింగ్ మెషీన్‌లో 60 డిగ్రీల మీద ఉతకండి. వేడినీళ్ల సెట్టింగ్ లేకపోయినా ఉతకడం మానకండి, రెట్ట చాలావరకు నీళ్లతో పోతుంది. బాబు పక్కలో పడుకునే బొమ్మల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఒక రోజు ఫ్రీజర్‌లో ఉంచి, తర్వాత ఉతకండి. ఫ్రీజర్‌లో కుక్కపిల్ల బొమ్మని చూసి మా మనవరాలు ఏడ్చింది, ముందే చెప్పి పెట్టండి.

చెన్నైలో ఇల్లంతా 50 శాతానికి తేవడం అయ్యే పని కాదు. బాబు పడుకునే గదికి మాత్రం ప్రయత్నించవచ్చు. తేమ కొలిచే చిన్న మీటరొకటి కొనండి. ఏసీ ఉంటే తలుపులు మూసి వేయండి, డ్రై మోడ్ ఉంటే ఇంకా మేలు. ఫిల్టర్‌ని రెండు వారాలకోసారి కడగండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఆ గదిలో బట్టలు ఆరేయకండి, రాత్రంతా ఆ నీరంతా గాలిలోకే పోతుంది. బొద్దింకలున్నా అలర్జీ పెరుగుతుంది. సింకు కింద ఆరబెట్టి, రాత్రి ఎంగిలి గిన్నెలు ఉంచకండి.

శుక్రవారం సాంబ్రాణి పొగని హాలు వరకే ఉంచండి. దోమల కాయిల్ బదులు తెర కట్టండి.

మందుల్ని ఆపి శుభ్రత మీదే ఆధారపడకండి. పిల్లికూతలు, ఎగశ్వాస కనిపిస్తే వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. దేనికి అలర్జీయో తెలిపే చర్మ పరీక్ష గురించీ అడగండి. మైట్లు కాదని తేలితే పరుపు కవరు ఖర్చు మిగులుతుంది.