అగ్రీ, కన్సెంట్, కన్సీడ్, అక్వియెస్: అన్నీ ఒప్పుకోవడమేనా?

కాదు, తెలుగులో నాలుగింటినీ ‘ఒప్పుకున్నాడు’తో సరిపెట్టవచ్చు గానీ, ఇంగ్లిషులో ఒప్పుకున్నవాడి మనసు ఎంతవరకు కలిసిందనే దాన్ని బట్టి మాట మారుతుంది.

ఒడిశాలోని రాయగడ జిల్లాలో ఒక తెలుగు రైతు పొలాన్ని రోడ్డు కోసం అడిగారనుకుందాం. ఇస్తామన్న ధర న్యాయమేనని ఆయనకూ అనిపిస్తే అది అగ్రీ. పొలం తీసుకోవడానికి ఇష్టపూర్వకంగా సంతకం పెడితే కన్సెంట్. హద్దు తనదేనని గట్టిగా వాదించి, పాత పటం చూశాక కాదనలేక తలొగ్గితే కన్సీడ్. ఈ మాటలో ఓటమి ఉంది, అందుకే ఎన్నికల్లో ఓటమిని అంగీకరించిన అభ్యర్థికీ దీన్నే వాడతారు.

చిక్కంతా అక్వియెస్‌తోనే. దీని లాటిన్ మూలానికి విశ్రమించడం, నెమ్మదించడం అని అర్థం. రైతుకు నచ్చలేదు, సంతకమూ పెట్టలేదు. అయినా తన పొలంలో రాళ్లు పాతుతుంటే అడ్డు చెప్పకుండా ఊరుకున్నాడు. అదీ అక్వియెస్.

‘మౌనం అర్ధాంగీకారం’ అని విని పెరిగినందువల్ల కాబోలు, ఈ ఊరుకోవడాన్నే చాలామంది కన్సెంట్ అనుకుంటారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రకారం ఇరుపక్షాలూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే కన్సెంట్. బెదిరించో మోసగించో పెట్టించిన సంతకాన్ని ఆ చట్టం స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతిగా లెక్కించదు. కాబట్టి ఇంగ్లిషులో అర్జీ రాసేటప్పుడు ‘ఊరుకున్నాను’ అనాల్సిన చోట కన్సెంట్ రాస్తే, ఇవ్వని అనుమతి ఇచ్చినట్టే అవుతుంది.