లోను తీసుకునేటప్పుడు యూరో జీతం లెక్క వేయకండి

ప్రశ్న: విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ బిల్డింగ్ షెడ్డు నడుపుతున్నాను. వయసు 51. షెడ్డు ఖర్చులు పోను నెలకు 58 వేల దాకా మిగులుతుంది. ఐటీ రిటర్నులో ఏడాదికి 7 లక్షలు చూపిస్తున్నాను. అబ్బాయి మెకానికల్ బీటెక్ పూర్తి చేశాడు. జర్మనీలో ఆటోమోటివ్ ఎమ్మెస్‌కి రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి కెమ్నిట్స్ యూనివర్సిటీ, రెండోది స్టుట్‌గార్ట్ దగ్గర. కన్సల్టెన్సీ వాళ్లు 13 లక్షలుంటే చాలంటున్నారు. నా దగ్గర 8 లక్షల ఎఫ్‌డీ, 5 లక్షల చీటీ (25 నెలలది, 14 కట్టాను), అప్పు లేని సొంత ఇల్లు, 2011లో కొన్న 200 గజాల సైటు ఉన్నాయి. సైటు ఇప్పుడు 32 లక్షలు పలుకుతుందంటున్నారు. అమ్మేస్తే గొడవ ఉండదని మా ఆవిడ అంటోంది. ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ హామీ లేకుండా 12.5 శాతానికి ఇస్తానంటోంది. ప్రభుత్వ బ్యాంకు 10.5కి ఇస్తానంటోంది కానీ ఆస్తి తాకట్టు అడుగుతోంది. అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ షెడ్డుకి ఛాసిస్ తోలుకొచ్చిన లారీ ఓనరు, ఛాసిస్ డబ్బు కట్టేశాను కాబట్టి బండి వచ్చేసినట్టే అంటే మీరు నవ్వుకుంటారు. క్యాబిన్, తొట్టి, పెయింటింగ్, రిజిస్ట్రేషన్ అన్నీ అయితేగానీ అది రోడ్డెక్కదని మీకు తెలుసు. కన్సల్టెన్సీ చెప్పిన 13 లక్షలు కూడా ఛాసిస్ రేటే.

జర్మనీ స్టూడెంట్ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేసి చూపించాలి. లెక్క తేలికగా ఉండటానికి యూరోని 100 రూపాయలు అనుకుందాం. అంటే దాదాపు 12 లక్షలు. ఈ డబ్బు ఫీజుకు పోదు. మీ అబ్బాయి అక్కడ దిగి బ్యాంకు ఖాతా తెరిచాక నెలకు 992 యూరోల చొప్పున అతనికే తిరిగి వస్తుంది. గది అద్దె, తిండి అందులోనే. స్టూడెంట్ హెల్త్ ఇన్సూరెన్స్‌కి నెలకు 130 నుంచి 150 యూరోలు కూడా అందులోంచే పోతాయి. టికెట్టు, వీసా, ఏపీఎస్ సర్టిఫికెట్‌కి (డిగ్రీ కాగితాలు అసలైనవేనని తేల్చేది) కట్టిన 18 వేలు, మొదటి గదికి అడ్వాన్సు, చలి బట్టలు కలిపితే మొదటి ఏడాది 14 లక్షలకు చేరుతుంది.

కన్సల్టెన్సీ లెక్క అక్కడితో ఆగిపోతుంది. చదువు ఆగదు. కోర్సు కాగితం మీద నాలుగు సెమిస్టర్లే. ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు, థీసిస్ ఆరు నెలలు, మధ్యలో ఒక పరీక్ష తప్పితే ఐదో సెమిస్టర్, కొందరికి ఆరో సెమిస్టర్ కూడా పడుతుంది. చాలాచోట్ల ఫీజు లేని దేశం కాబట్టి లేటైనా నష్టం లేదనుకుంటారు గానీ, అదనంగా పడే ప్రతి సెమిస్టర్ ఖరీదు 6 లక్షలు. అక్కడ ఖర్చును నడిపేది క్యాలెండరే. కాబట్టి రెండున్నరేళ్లకు లెక్క వేద్దాం: మొదటి ఏడాది 14, రెండో ఏడాది 12, ఆపైన ఆరు నెలలకు 6. మొత్తం 32 లక్షలు. అబ్బాయి ఒక్క యూరో కూడా సంపాదించడనుకుంటే ఇదీ బిల్లు. మీ సైటు ధర కూడా సరిగ్గా అంతే. అందుకే మీ ఆవిడ మాట సబబుగా అనిపిస్తుంది.

అయినా సైటు అమ్మొద్దంటాను. భూమి ధర పెరుగుతుందనే ఆశతో చెప్పడం లేదు. అది ఎవరికీ తెలియదు. వీసా డేటు పెట్టుకుని అమ్మేవాడి తొందర కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది, రేటు అక్కడే తెగుతుంది. లాభం మీద పన్ను ఉంటుంది. మీరు 2024 జులై 23కి ముందు కొన్నారు కాబట్టి 12.5 శాతమా, ఇండెక్సేషన్ (ధరల పెరుగుదలకు తగ్గట్టు కొన్న ధరను పెంచి లెక్కించడం) వేసుకుని 20 శాతమా అని తక్కువ పడేది ఎంచుకోవచ్చు గానీ, మీరు కొన్న ధరను బట్టి కొంత కట్టాల్సి రావచ్చు. వీటన్నిటికంటే పెద్ద కారణం మీ అమ్మాయి. వచ్చే ఏడాది తన చదువు మొదలవుతుంది. ఇల్లు కాక ఉన్న ఒక్క ఆస్తినీ మొదటి బిడ్డ మీద ఖర్చు పెట్టేస్తే రెండో బిడ్డ దగ్గరికొచ్చేసరికి చేతిలో ఏమీ మిగలదు.

సైటుని తాకట్టు పెట్టి ప్రభుత్వ బ్యాంకు లోను తీసుకోండి. 10.5 శాతమంటే ఆటోనగర్ భాషలో నూటికి 87 పైసల వడ్డీ. ప్రైవేటు కంపెనీది రూపాయి నాలుగు పైసలు. తేడా చిన్నదే అనిపిస్తుంది గానీ పదేళ్లకు అదీ పెద్ద మొత్తమే. ఖాళీ స్థలమంటే కొన్ని బ్రాంచీలు వెనకాడతాయి. లేఅవుట్ అప్రూవల్, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద తాకట్లు ఏమైనా ఉన్నాయో చూపే కాగితం), చుట్టూ ప్రహరీ ఉన్నాయా అని అడుగుతాయి. ఇవాళే కాగితాలు బయటికి తీసి చూసుకోండి. లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్‌కే వారాలు పడతాయి. బ్యాంకు మరీ మొండికేస్తే 12.5కే తీసుకోండి. ఉంటున్న ఇల్లు మాత్రం తాకట్టు పెట్టొద్దు.

ఎంత తీసుకోవాలన్నదే అసలు విషయం. దాదాపు ప్రతి కుటుంబమూ తప్పు చేసేది ఇక్కడే. "అక్కడ ఉద్యోగం వస్తే మూడేళ్లలో తీర్చేస్తాడు" అనుకుని ఎంత ఇస్తే అంత తీసుకుంటారు. నా దగ్గరికి వచ్చేవాళ్లతో హైదరాబాద్ జీతంతో తీర్చగలిగినంతే తీసుకోమంటాను. అబ్బాయి చదువు ముగించుకుని తిరిగొచ్చాడనుకోండి. హైదరాబాద్‌లో జడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ లాంటి కార్ల విడిభాగాల కంపెనీల ఇంజినీరింగ్ సెంటర్లు ఉన్నాయి. నెలకు 60 వేలు చేతికొచ్చే ఉద్యోగం దొరికిందనుకుందాం. అందులో మూడో వంతు, అంటే 20 వేలు ఈఎంఐకి పోయినా బతకగలడు. 10.5 శాతానికి పదేళ్లలో 20 వేల ఈఎంఐ మోసే అప్పు 15 లక్షలు. మీ గీత అక్కడ గీయండి. బ్యాంకు 25 ఇస్తానన్నా సరే.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. ఫోక్స్‌వ్యాగన్ 2030 కల్లా జర్మనీలో 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించుకునేలా 2024 డిసెంబరులో యూనియన్లతో ఒప్పందం చేసుకుంది. విడిభాగాలు చేసే బాష్ 2025లో మరో 13 వేల ఉద్యోగాల కోత ప్రకటించింది. జడ్‌ఎఫ్‌దీ అదే వరస. అబ్బాయి చదవబోయేది బండి సాఫ్ట్‌వేర్ వైపు అయితే పాత ఇంజన్, గేర్‌బాక్స్ విభాగాలకంటే కాస్త నయం, అంతే. చదువు అయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి జర్మనీ 18 నెలలు ఉండనిస్తుంది. ఆ 18 నెలలూ అద్దె మాత్రం కడుతూనే ఉండాలి.

ఇప్పుడు డబ్బు సర్దుబాటు. ఎఫ్‌డీలోంచి 5 లక్షలు తీయండి, 3 లక్షలు షెడ్డు కోసం వదిలేయండి. వర్షాకాలంలో రెండు నెలలు ఆర్డర్లు రాకపోతే పనివాళ్ల కూలి ఎక్కడి నుంచి ఇస్తారు? బ్యాంకు అడిగే మార్జిన్ మనీ (ఖర్చులో మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) కూడా ఈ 5 లక్షల్లోనే తీరుతుంది. మిగతా 9 లక్షలు లోనులోంచి. రెండో ఏడాదికి చీటీ ఉంది. ఇప్పుడే పాట పాడి లక్ష వదులుకోవద్దు. ఇంకా 11 నెలలేగా. చివరిదాకా ఉంటే కమీషన్ పోను 4.75 లక్షల దాకా చేతికొస్తుంది, అదీ అబ్బాయి రెండో ఏడాది మొదలయ్యేలోపే. లోనులో మిగిలిన 6 లక్షలు అప్పుడు తీసుకోండి. 15 లక్షలు శాంక్షన్ అయినా వాడుకున్న దాని మీదే వడ్డీ కాబట్టి ఒకేసారి లాగేయొద్దు.

అన్నీ కలిపితే దాదాపు 25 లక్షలు. బిల్లు 32. లోటు 7 లక్షలు. ఆ లోటు అబ్బాయి వాటా. జర్మనీలో విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేయొచ్చు. 2026 నుంచి కనీస వేతనం గంటకు 13.90 యూరోలు. నెలకు 603 యూరోలు దాటని చిన్న పనిని అక్కడ మినీ జాబ్ అంటారు. ఏడాది పాటు అది నిలకడగా చేస్తే 7.2 లక్షలు వస్తాయి. రెండున్నరేళ్లలో ఒక్క ఏడాది దొరికినా లోటు పూడుతుంది. మొదటి సెమిస్టర్ సంపాదన మాత్రం లెక్కలో రాసుకోవద్దు. జర్మన్ రాకపోతే సామాన్లు సర్దే పని కూడా అంత తేలిగ్గా దొరకదు. వెళ్లేలోపు ఉన్న ఈ నాలుగు నెలలూ బైక్ మీద తిరక్కుండా జర్మన్ క్లాసులకి వెళ్లమనండి. కోర్సు ఇంగ్లిష్‌లోనే అయినా ఇంటర్వ్యూ ఇంగ్లిష్‌లో జరుగుతుందన్న గ్యారంటీ లేదు.

రెండు సీట్లలో ఏది అన్నదానికి జవాబు పై లెక్కలోనే ఉంది. స్టుట్‌గార్ట్ ఉండేది బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో. 2017 నుంచి ఆ రాష్ట్రం మనలాంటి బయటి దేశాల విద్యార్థుల దగ్గర సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. ఐదు సెమిస్టర్లకు 7.5 లక్షలు. గది అద్దె కూడా కెమ్నిట్స్‌కంటే బాగా ఎక్కువ. లోటు 7 నుంచి 15 లక్షలకు చేరుతుంది. అంటే అబ్బాయి రెండేళ్లకు పైగా ఖాళీ లేకుండా పని చేయాలి, చదువూ లేటు కాకూడదు. రెండూ కలిసి రావడం కష్టం. బెంజ్, పోర్షె, బాష్ ఆ చుట్టుపక్కలే ఉన్నాయన్నది నిజమే. కెమ్నిట్స్ నుంచీ గంట ప్రయాణంలో లైప్‌జిగ్‌లో బీఎమ్‌డబ్ల్యూ, పోర్షె ప్లాంట్లు, పక్కనే త్స్వికావ్‌లో ఫోక్స్‌వ్యాగన్ ఎలక్ట్రిక్ కార్ల ప్లాంటు ఉన్నాయి. పైగా ఇంటర్న్‌షిప్ ఆరు నెలలూ ఏ ఊళ్లోనైనా చేసుకోవచ్చు. మీ జేబుకి కెమ్నిట్సే సరైనది.

చదువుకునే రోజుల్లో వడ్డీ కట్టక్కర్లేదని బ్యాంకులో చెబుతారు. కట్టక్కర్లేదు, నిజమే. కానీ కట్టండి. 15 లక్షల మీద నెల వడ్డీ 13,125. మూడేళ్లు వదిలేస్తే 4.72 లక్షలు అసలుకి కలుస్తుంది, ఈఎంఐ 20,240 నుంచి 26,600కి పోతుంది. అంటే పదేళ్లలో 7.6 లక్షలు అదనం. మొదటి ఏడాది 9 లక్షల మీద వడ్డీ 7,875, దానికి తోడు చీటీ 20 వేలు. కాస్త బిగువుగానే ఉంటుంది. చీటీ అయిపోగానే ఆ 20 వేలు ఖాళీ అవుతాయి కాబట్టి రెండో ఏడాది నుంచి ఊపిరి పీల్చుకుంటారు.

80ఇ (చదువు లోను వడ్డీకి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద పన్ను కలిసొస్తుందని లోను ఏజెంట్లు ఊరిస్తారు. కొత్త పన్ను విధానంలో అది లేదు. అసలు మీ 7 లక్షల ఆదాయానికి అందులో పన్నే పడదు. ఆ మాట విని సంబరపడొద్దు.

ఒక్క జాగ్రత్త. లోను ఆలస్యమై వీసా డేటు దగ్గర పడితే "మేం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపిస్తాం, రెండు రూపాయల వడ్డీ" అనే పెద్దమనుషులు తయారవుతారు. ఆ డబ్బు నెలనెలా 992 చొప్పున అబ్బాయి చేతికొచ్చి, వచ్చింది వచ్చినట్టు వాళ్లకే వెనక్కి పోతుంది. అక్కడ వాడు ఏం తిని బతుకుతాడు? తప్పనిసరైతే మీ ఆవిడ నగలు బ్యాంకులోనే పెట్టి గోల్డ్ లోను తీసుకోండి, పెద్ద లోను విడుదలైన రోజే విడిపించండి.

ఎవరికేమైనా అయితే అప్పు ఇంట్లోవాళ్ల మీద పడకుండా, అబ్బాయి పేరు మీద 15 లక్షలకు, కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టే మీ పేరు మీద మరో 15 లక్షలకు టర్మ్ పాలసీలు తీసుకోండి. మెడికల్ టెస్టులు, సంతకాలు అన్నీ అబ్బాయి విమానం ఎక్కకముందే విజయవాడలోనే పూర్తి చేయించండి.