తుపాను వార్త మన మాటలో ఉండాలి

"తుపాను సీజన్లో ఏ ఛానల్‌ని నమ్మాలి? వాతావరణ శాఖలో పనిచేసినవాళ్లు చెప్పండి" అని అడిగారు. నాది నెల్లూరు. అబ్జర్వర్‌గా చేరి ఫోర్‌కాస్టర్‌గా రిటైరయ్యాను. నన్నడిగితే ఏ ఛానల్ అన్నది తర్వాతి సంగతి. వినేవాడు ఏం చెయ్యాలో తెలిసేలా చెబుతున్నారా లేదా అన్నదే ముఖ్యం.

1989 నవంబరులో థాయిలాండ్ అవతలి సముద్రంలో పుట్టిన తుపాను ఆ దేశాన్ని అడ్డంగా దాటి, బంగాళాఖాతంలో పడి, నేరుగా కావలి మీదికి వచ్చింది. అప్పుడు నాకు కావలిలో డ్యూటీ. రాత్రి కరెంటు ఎప్పుడో పోయింది. లాంతరు పెట్టుకుని, గాలి పీడనాన్ని కాగితం మీద గీసే బారోగ్రాఫ్ చూస్తున్నాను. బావిలోకి చేద వదిలినట్టు పెన్ను గీత కిందికి జారిపోతోంది. ఉత్తరం గాలి తలుపుల్ని గుద్దుతోంది. ఎదురింటి పెంకులు ఒక్కొక్కటే లేచి గోడకి తగిలి పగులుతున్నాయి. ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. ఆకు కదల్లేదు. పైన నాలుగు చుక్కలు కూడా కనిపించాయి.

వీధిలో తలుపులు తెరుచుకున్నాయి. ఎదురింటి పెద్దాయన టార్చిలైటు పట్టుకుని పాకలో గేదెని చూడ్డానికి బయల్దేరాడు. వెనకాలే ఇద్దరు పిల్లలు. నేను వరండాలోంచి అరిచాను. "పోబాకండి పెద్దాయనా! ఇప్పుడు దక్షిణం నుంచి కొట్టుద్ది, లోపలికి రండి!" "గాలి ఆగింది గదయ్యా" అన్నాడాయన. ఇక మాటలతో పని కాదని పరుగెత్తి రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. గడియ వేసిన కాసేపటికే రెండో గాలి అందుకుంది. అందరం తలుపుకి వీపులు ఆనించి కూర్చున్నాం. తెల్లారి చూస్తే వీధిలో కొన్ని చెట్లు దక్షిణానికి, కొన్ని ఉత్తరానికి పడి ఉన్నాయి. పాక ఉత్తరం వైపు ఒరిగి గేదె మీద కూలింది.

ఆ సాయంత్రం ఆయనా రేడియో విన్నాడు, నేనూ విన్నాను. అప్రమత్తంగా ఉండమన్నారు. తుపాను నడిబొడ్డు మీ ఊరి మీదికొస్తే మధ్యలో గాలి ఆగుతుంది, ఆగితే బయటికి రాబాకండి అన్న ముక్క మాత్రం అందులో లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఇప్పుడు శాటిలైట్ బొమ్మలు, రాడార్లు అన్నీ ఉన్నాయి, చెప్పే తీరు మాత్రం మారలేదు. కృష్ణపట్నం రేవులో 10వ నంబరు ప్రమాద సూచిక ఎగరేస్తే 9 కంటే పెద్దదని టీవీలో చదివేస్తారు. 8, 9, 10 మూడింటిదీ ఒకే తీవ్రత. రేవు తుపానుకి ఎడమ పక్కన పడుతుందా, కుడి పక్కనా, లేక రేవు మీదుగానే దాటుతుందా అన్నదే వాటి తేడా. ఇది వివరించడానికి అర నిమిషం చాలదా?

ఇంకోటి, తీరం దాటే ఊరి పేరు ఒక్కటే పదేపదే చెబుతారు. మన తీరంలో ఉప్పెన భయం దాటే చోటుకి ఉత్తరం పక్కనే ఎక్కువ. అక్కడ గాలి సముద్రాన్ని ఒడ్డు మీదికి తోస్తుంది. 1977 నవంబరు 19న తుపాను దాటింది చీరాల దగ్గర, మునిగింది దానికి ఉత్తరం పక్కనున్న దివిసీమ. ఈ సంగతి తెలియని, నెల్లూరుకి ఉత్తరాన కావలి దగ్గరుండే తుమ్మలపెంట మత్స్యకారుడు నెల్లూరు దగ్గర దాటుతుందంటే మనకేం కాదులే అనుకుంటాడు. ఆ తప్పు అతనిది కాదు.

కాబట్టి శాఖ బులెటిన్ చూడండి, ఎక్కడ దాటుతుందో మ్యాపులో పెట్టుకుని మీ ఊరు దానికి ఏ పక్కన ఉందో చూసుకోండి. మన జిల్లా కేబుల్ టీవీ కుర్రాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఏ అల్పపీడనం వచ్చినా ఫోన్ చెయ్యండి, అర్ధరాత్రైనా సరే. బులెటిన్‌ని మన నెల్లూరు మాటలో నేను రాసిస్తాను. పైసా అక్కర్లేదు, చదివేటప్పుడు "రాబాకండి" అన్న మాటని మాత్రం "రావద్దు" అని దిద్దబాకండి.