గుర్రపు వాతమా, ప్రీఎక్లాంప్సియానా?

సందేహం: గర్భిణీ స్త్రీల కోసం, ప్రీఎక్లాంప్సియా మీద జరిగిన పరిశోధనలను వివరించే చిన్న పుస్తకం ఒకటి తెలుగు చేస్తున్నాను. ప్రీఎక్లాంప్సియాను 'గుర్రపు వాతం' అనవచ్చా? ఒకరు 'పూర్వగర్భాక్షేపకం' అని రాయమన్నారు. కాంప్లికేషన్‌కు 'సంక్లిష్టత', రిస్క్‌కు 'ప్రమాదం' సరిపోతాయా? నా మొదటి వాక్యం ఇది: "ప్రీఎక్లాంప్సియా అనేది గర్భధారణ యొక్క ఒక సంక్లిష్టత, ఇది తల్లీబిడ్డలకు తీవ్రమైన ప్రమాదాన్ని కలిగి ఉంటుంది." – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీ ప్రశ్నల్లో మొదటిదే అన్నిటికన్నా పెద్దది. దాన్ని కొంచెం నిదానంగా చూద్దాం.

గుర్రపు వాతం మంచి తెలుగు మాట. పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఉంది. కానీ అది ఎక్లాంప్సియాకు పేరు, ప్రీఎక్లాంప్సియాకు కాదు. కడుపుతో ఉన్న మనిషికో, బాలింతకో ఒళ్లు బిగుసుకుని, కాళ్లూ చేతులూ కొట్టుకుని, ఫిట్స్ వచ్చినప్పుడు మనవాళ్లు ఆ మాట అన్నారు. ప్రీఎక్లాంప్సియా అంతకు ముందు దశ. రక్తపోటు పెరుగుతుంది, చాలాసార్లు మూత్రంలో ప్రొటీన్ పోతుంది, కొందరిలో కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఫిట్స్ మాత్రం ఇంకా రాలేదు. ఆ 'ఇంకా రాలేదు' అన్నదే ఆ పేరులోని 'ప్రీ'. ముందు దశకు చివరి దశ పేరు పెడితే, ఫిట్స్ వస్తేనే జబ్బు అని చదివేవాళ్లు అనుకుంటారు.

ఇది నేను ఇంట్లో చూసిన సంగతి. మా అక్కకు ఎనిమిదో నెలలో ఉంగరం వేలికి బిగుసుకుపోయింది. సబ్బు రాసినా రాలేదు. కాళ్లకు నీరు పట్టడం మామూలేగా అన్నారు అందరూ. "బీపీ ఉందమ్మా" అని నర్సు చెబితే, టెన్షన్ పడి ఉంటాను అనుకుంది. ఒక రాత్రి తలపోటు అంది. కళ్ల ముందు మిణుగురులు తిరుగుతున్నాయంది. నీరసానికి కళ్లు బైర్లు కమ్మాయనుకుని మజ్జిగ ఇచ్చాం. తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి. అప్పుడు మా పెద్దమ్మ అంది, "ఇది గుర్రపు వాతమే" అని. తల్లీబిడ్డా దక్కారు. కానీ ఆ మాట మా ఇంట్లోకి వచ్చింది జబ్బు ముదిరిన తర్వాత. ముందు రోజు సాయంత్రం మాకు కావలసిన మాట మా దగ్గర లేదు. అందుకే ఈ విషయంలో నేను పట్టుబడతాను.

మీరు తెలుగు చేస్తున్న పరిశోధనలే ఈ తేడాను ఇంకా గట్టిగా చెబుతాయి. 2002లో మాగ్‌పై అనే పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. 33 దేశాల్లో పదివేల మందికి పైగా స్త్రీలు పాల్గొన్నారు. వాళ్లందరికీ ప్రీఎక్లాంప్సియా అప్పటికే ఉంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో ఫిట్స్ సగానికి పైగా తగ్గాయి. 2017లో ఆస్‌ప్రే అధ్యయనం వచ్చింది. అందులో ముప్పు ఎక్కువగా ఉన్న స్త్రీలకు 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి, 36 వారాల దాకా రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇచ్చారు. నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గింది. మొదటిది, ప్రీఎక్లాంప్సియా ఉన్న మనిషికి ఫిట్స్ రాకుండా ఆసుపత్రిలో ఇచ్చే మందు. రెండోది, ప్రీఎక్లాంప్సియానే రాకుండా నెలల ముందు నుంచి డాక్టరు చెబితే వేసుకునే మాత్ర. మీరు రెండు చోట్లా 'గుర్రపు వాతాన్ని నివారిస్తుంది' అని రాశారనుకోండి, ఏ మందు ఎప్పుడు, ఎవరికి అన్నది చదివేవాళ్లకు ఎలా తెలుస్తుంది?

ఇంకో చిక్కు కూడా ఉంది. ధనుర్వాతం అంటే టెటనస్. గర్భిణులకు దానికి టీకా వేస్తారు. పేరులో రెండు చోట్లా వాతమే కాబట్టి, "నాకు వాతం సూది వేశారుగా, ఇక రాదు" అనుకునే అవకాశం ఉంది. ఆ టీకాకూ ఈ జబ్బుకూ సంబంధం లేదు.

మరి పూర్వగర్భాక్షేపకం? ఆయుర్వేదంలో ఆక్షేపకం అంటే శరీరం ఎగిరెగిరి పడే వాతవ్యాధి. 'క్షిప్' ధాతువుకు విసరడం అని అర్థం. కాబట్టి మాటకు పునాది ఉంది. కానీ నేటి తెలుగు చెవికి ఆక్షేపణ అంటే అభ్యంతరం. పైగా ఆ మాట విడగొట్టి చూస్తే 'పూర్వగర్భం' అన్నది ముందు కనిపించి, మొదటి కాన్పులో వచ్చేదేమో అనిపిస్తుంది. పేరు చదివి బెదిరే బదులు పేరు అడిగి తెలుసుకునేలా ఉండాలి. నా సలహా ఇది: 'ప్రీఎక్లాంప్సియా' అనే ఉంచండి, డాక్టరు చీటీలో కనిపించేదీ అదే. మొదటిసారి వచ్చిన చోట 'గుర్రపు వాతానికి ముందు దశ' అని ఒక్క మాట చేర్చండి. పాత మాట పోదు, కొత్త అర్థం చెడదు. 'ప్రీఎక్లాంప్సియా'ను విడగొట్టకుండా ఒకే మాటగా రాయండి. యడాగమం తెచ్చి 'ప్రీయెక్లాంప్సియా' చేయనక్కర్లేదు. పరాయి పేరు చదివేవాళ్లు గుర్తుపట్టేలా ఉంటే చాలు. ఎక్లాంప్సియాకు మూలమైన గ్రీకు మాటకు తళుక్కున మెరవడం అని అర్థం. మెరుపులా హఠాత్తుగా వస్తుందన్న భావం. మా అక్క చెప్పిన మిణుగురులు నాకు ఆ అర్థం చదివినప్పుడల్లా గుర్తొస్తాయి.

ఈ జబ్బును ఒకప్పుడు టాక్సీమియా అనేవారు, అంటే రక్తంలో విషం చేరడం. పాత పుస్తకాల్లో ఆ మాట మీకు తగిలితే 'గర్భవిషం' అని తెలుగు చేయకండి. ఆ విషం ఎవరికీ దొరకలేదు, పేరు మాత్రం చాలాకాలం నిలిచింది. మాయ (ప్లాసెంటా) సరిగా నాటుకోకపోవడం, గర్భాశయంలోని రక్తనాళాలు కావలసినంత వెడల్పు కాకపోవడం దీనికి మూలంగా ఇప్పుడు చెబుతున్నారు. 2003లో వైద్య పరిశోధకుడు అనంత్ కరుమంచి బృందం మాయ నుంచి తల్లి రక్తంలోకి ఎక్కువగా చేరే ఒక ప్రొటీన్‌ను చూపించింది. రక్తనాళాలను ఆరోగ్యంగా ఉంచే పదార్థాలను అది పట్టి బంధిస్తుంది. ఇక్కడ ప్లాసెంటాకు 'మాయ' అనే రాయండి. పాఠ్యపుస్తకాల్లో ఉండే 'జరాయువు' తప్పు కాదు. కానీ "మాయ పడింది" అని కాన్పు గదిలో విన్నవాళ్లకు ఏ వివరణా అక్కర్లేదు.

ఇక ప్రమాదం. సంస్కృతంలో దాని అసలు అర్థం ఏమరుపాటు. తెలుగులో అది జరిగిపోయిన దుర్ఘటనకూ (రోడ్డు ప్రమాదం), పొంచి ఉన్న ఆపదకూ రెండింటికీ వాడతాం. 'ప్రమాదం 62 శాతం తగ్గింది' అంటే జబ్బు వచ్చే అవకాశం తగ్గిందా, వచ్చిన జబ్బు తీవ్రత తగ్గిందా? 'ముప్పు' రాయండి. అది ఎప్పుడూ రాబోయేదే. శాతంతో ఆపకండి. ఆస్‌ప్రేలో 62 శాతం అన్నది, పైన చెప్పిన 4.3, 1.6 శాతాల మధ్య తేడాకు ఇంకో లెక్క. 'వెయ్యి మందిలో 43 మందికి వచ్చేది 16 మందికి వచ్చింది' అంటే ఇంట్లో అందరికీ అర్థమవుతుంది.

కాంప్లికేషన్‌కు 'సంక్లిష్టత' వద్దు. సంక్లిష్టం అంటే చిక్కుముడి పడినది. సమస్య సంక్లిష్టంగా ఉండవచ్చు, జబ్బు సంక్లిష్టత కాదు. ఆయుర్వేదంలో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఉంది, ఉపద్రవం. అసలు రోగాన్ని ఆధారం చేసుకుని తర్వాత పుట్టే రోగం అని అర్థం. కానీ ఇప్పుడు ఉపద్రవం అంటే తుపానూ వరదా గుర్తొస్తాయి. అందుకని మనసొప్పకపోయినా దాన్ని పక్కన పెట్టి, 'గర్భంతో ఉన్నప్పుడు వచ్చే సమస్య' అంటాను.

రక్తపోటు విషయంలో జాగ్రత్త. రక్తపోటు అందరికీ ఉంటుంది, పెరిగితేనే జబ్బు. కానీ సముద్రపు ఆటుపోట్లలో పోటు అంటే పొంగడమే కదా, అందుకే మన చెవి 'రక్తపోటు ఉంది' అన్నా ఎక్కువ ఉందనే వింటుంది. నర్సు మాట మా అక్కకు చేరకపోవడానికి కారణం మాట కాదు, అంకె లేకపోవడం. '140/90 గానీ, అంతకు మించి గానీ ఉంటే' అని రాయండి. '20 వారాల తర్వాత' అన్నదాన్ని 'ఐదో నెలలో' అని మార్చకండి. నెల పడడం వేరు, నెల నిండడం వేరు, ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క. వారాలే ఉంచండి.

'గర్భిణీ స్త్రీలు' అక్కర్లేదు, గర్భిణి అంటేనే స్త్రీ. విడిగా హ్రస్వం, బహువచనం గర్భిణులు. నది, నదులు అన్నట్టే. 'గర్భిణీలు' తప్పు.

మీ వాక్యాన్ని ఇలా మార్చాను: "ప్రీఎక్లాంప్సియా గర్భిణులకు వచ్చే సమస్య. 20 వారాలు దాటాక రక్తపోటు పెరగడంతో ఇది బయటపడుతుంది. సమయానికి గుర్తించకపోతే తల్లికీ బిడ్డకూ ప్రాణాల మీదికి వస్తుంది." 'అనేది', 'యొక్క', 'కలిగి ఉంటుంది' మూడూ పోయాయి, అర్థం ఏమీ పోలేదు.

ఒకటి మీరు అడగలేదు, అయినా చెబుతాను. 'కాన్పుతో నయమవుతుంది' అని ఎక్కడైనా రాసి ఉంటే మార్చండి. కాన్పు తర్వాత తగ్గుముఖం పడుతుంది, కానీ ఆ తర్వాతి రోజుల్లోనూ ఫిట్స్ రావచ్చు, కొందరికి జబ్బు మొదలయ్యేదే అప్పుడు. పుస్తకం గర్భిణుల కోసం అన్నారు. అట్ట మీద 'గర్భిణులకు, బాలింతలకు' అని వేయించండి.