పాత అమెరికా పత్రికల్లో రైలు పోర్టర్లందరి పేరూ జార్జేనా?

మీరు అడిగింది: వందేళ్ల కిందటి అమెరికా పత్రికలు చదువుతుంటే స్లీపర్ బోగీలో పక్కలు వేసి, ప్రయాణికుల అవసరాలు చూసే ప్రతి పోర్టరూ జార్జే, అది అంత మామూలు పేరా అని.

మామూలు పేరే. 1880లో అక్కడ మగపిల్లలకు పెట్టిన పేర్లలో జాన్, విలియం, జేమ్స్, చార్లెస్‌ల తర్వాత ఐదో స్థానం జార్జ్‌దే. కానీ మీకు కనిపిస్తున్న జార్జ్‌లలో చాలామంది అసలు జార్జ్‌లే కారు. నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

షికాగోలో ఉద్యోగం చేసే రోజుల్లో, మంచుకి శనివారాలు గడప దాటలేక, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు గ్రంథాలయం) వాళ్లు ఉచితంగా పెట్టిన పాత పత్రికలు తిరగేసేవాణ్ణి. మా నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగి, అందుకని రైళ్ల వార్త ఏది కనిపించినా వదిలేవాణ్ణి కాదు. జోకుల్లో, ప్రయాణం కబుర్లలో "జార్జ్, నా బూట్లు ఏవీ", "జార్జ్, పొద్దున్నే లేపు" అని తెగ వచ్చేది. అలాంటివి పందొమ్మిది నోట్‌బుక్‌లో ఎక్కించుకుని, ఫలానా రూట్లో తిరిగిన జార్జ్ బాగా పేరున్న మనిషై ఉంటాడని మా ఆవిడకి ఒక థియరీ కూడా చెప్పాను! తర్వాత ఊరికి దక్షిణాన పుల్‌మన్ పేటలో పోర్టర్ల మ్యూజియం ఉందని తెలిసి వెళ్తే, అక్కడ చూపించే ఆవిడ నా థియరీ విని నవ్వి ఊరుకుంది, ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

స్లీపర్ బోగీలు నడిపిన కంపెనీ యజమాని పేరు జార్జ్ పుల్‌మన్. అంతర్యుద్ధం ముగిశాక, 1867లో పెట్టిన ఆ కంపెనీ, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి మగవాళ్లను పోర్టర్లుగా తీసుకుంది. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు ఇక్కడా దిగింది: పుల్‌మన్ మనుషులు కదా, అందరూ జార్జ్‌లే. అసలు పేరు అడిగే పనే లేదు. మన టీ కొట్లో కుర్రాణ్ణి ఛోటూ అని పిలిచేసి ఊరుకుంటామే, దానికి వెనక బానిసత్వం చరిత్ర కూడా కలిస్తే ఎలా ఉంటుందో అలా అన్నమాట.

తమాషా ఏంటంటే, దీని మీద గోల చేసిన సంఘం ఒకటుంది, అది పోర్టర్లది కాదు. 1914లో జార్జ్ డులానీ అనే కలప వ్యాపారి "స్లీపింగ్ కార్ పోర్టర్లను జార్జ్ అని పిలవడం ఆపించే సంఘం" పెట్టాడు. తమ పేరు పోర్టర్లకు తగిలిస్తున్నారన్న చిరాకు సగం, వేళాకోళం సగం. సభ్యులు 31 వేల మంది అని చెప్పుకునేవాళ్లు, బేస్‌బాల్ ఆటగాడు బేబ్ రూత్ కూడా అందులో ఉన్నాడట (అతని అసలు పేరు జార్జే). ఏమైతేనేం, 1926లో కంపెనీ ప్రతి బోగీలో పోర్టర్ పేరున్న కార్డు పెట్టడం మొదలెట్టింది. అప్పుడు లెక్క తీస్తే 12 వేల మంది పోర్టర్లు, వెయిటర్లలో నిజమైన జార్జ్‌లు 362 మందే!

అయినా కార్డుతో బతుకు మారదుగా. అప్పట్లో నెలకి సుమారు 400 గంటల పని, జీతం 67 డాలర్ల చిల్లర, మిగతాది టిప్పుల మీదే. టిప్పు కావాలంటే ఎవరేమని పిలిచినా పలకాలి. ఆఫీసులో నన్నూ సగం పేరుతో పిలిచేవాళ్లు, చిరాకేసేది, కానీ నా జీతం దాని మీద ఆధారపడలేదు. పోర్టర్లు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925 ఆగస్టులో యూనియన్ పెట్టుకుని, పన్నెండేళ్లు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం రాయించుకున్నాక గానీ పని గంటలు తగ్గలేదు.

మీరు వెతికేది నిజంగా ఒక పోర్టర్ గురించైతే తెల్లవాళ్ల పత్రికల్లో జోకుల పేజీలు వదిలేయండి, నల్లజాతి వాళ్లు నడిపిన పత్రికలు చూడండి. షికాగో డిఫెండర్ అయితే మరీ మంచిది, ఆ పత్రిక కట్టల్ని దక్షిణాది ఊళ్లకు రైళ్లలో చేరవేసింది ఈ పోర్టర్లే. అక్కడ పెళ్లిళ్లు, చావులు, యూనియన్ మీటింగుల వార్తల్లో వాళ్లకి ఇంటిపేరుతో సహా పూర్తి పేరుంటుంది. నా పందొమ్మిది మందిలో ఇద్దరు అలాగే దొరికారు, ఇద్దరిలో ఒక్కడూ జార్జ్ కాదు. మిగతా పదిహేడు చోట్లా జార్జ్ కొట్టేసి "పోర్టర్, పేరు రాయలేదు" అని దిద్దుకున్నాను.