పూర్ణాంకాలు, పూర్ణసంఖ్యలు: ఏవి ఎక్కువ?

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి చదువుతున్నాడు. “ప్రతి పూర్ణాంకమూ పూర్ణసంఖ్యే, కానీ ప్రతి పూర్ణసంఖ్యా పూర్ణాంకం కాదు” అని బడిలో రాయించారు. దీన్ని వాడికి ఎలా వివరించాలి? పూర్ణసంఖ్యల్లో ఋణసంఖ్యలు కూడా ఉన్నాయి కనుక అవి పూర్ణాంకాలకు దాదాపు రెట్టింపు ఉంటాయనుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: బడిలో రాయించిన వాక్యం సరైనదే. 0, 1, 2, 3... అంటూ సాగేవి పూర్ణాంకాలు. వాటికి −1, −2, −3... కూడా చేరిస్తే పూర్ణసంఖ్యలు. 7 రెండు సమితుల్లోనూ ఉంటుంది, −7 రెండోదానిలో మాత్రమే ఉంటుంది. సున్న ధనసంఖ్యా కాదు, ఋణసంఖ్యా కాదు. అయినా రెండింటిలోనూ దానికి చోటుంది.

ఋణసంఖ్యలను చేర్చవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెబితే పిల్లవాడికి ఈ తేడా బాగా పట్టుబడుతుంది. ఏ రెండు పూర్ణాంకాలను కూడినా, గుణించినా పూర్ణాంకమే వస్తుంది గాని, తీసివేతలో ఆ భరోసా లేదు. 9 − 5 చేయగలం. 5 − 9 దగ్గర పూర్ణాంకాలు చేతులెత్తేస్తాయి. పూర్ణసంఖ్యల్లోనైతే దాని విలువ −4. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు ‘బ్రాహ్మస్ఫుటసిద్ధాంతం’లో ధనాన్ని సంపదగా, ఋణాన్ని అప్పుగా భావించి, సున్నతో సహా వీటి కూడికకు, తీసివేతకు, గుణకారానికి సూత్రాలు చెప్పాడు. రెండు ఋణాల లబ్ధం ధనమన్న నియమం వాటిలో ఒకటి.

ఇలా విస్తరించినందువల్ల పోయినది కూడా ఒకటుంది. పూర్ణాంకాల్లో అన్నిటికన్నా చిన్నది 0. పూర్ణసంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది అంటూ ఏదీ లేదు. మీరు ఏ సంఖ్యను చూపినా అందులోంచి 1 తీసివేస్తే అంతకన్నా చిన్నది వస్తుంది. −3 కన్నా −8 చిన్నదన్న సంగతి కూడా పిల్లవాడి చేత సంఖ్యారేఖ మీద గుర్తు పెట్టించండి.

ఇక మీ రెండో ప్రశ్న, నిజానికి ఆరో తరగతిని దాటిపోయే ప్రశ్న. ఒక హద్దు పెట్టుకుంటే మీ ఊహ నిజమే: 0 నుంచి 10 వరకు పూర్ణాంకాలు 11, −10 నుంచి 10 వరకు పూర్ణసంఖ్యలు 21. హద్దు తీసేస్తే రెండూ అనంతాలే కనుక, లెక్కపెట్టి పోల్చడం కుదరదు, జతపరిచి చూడాలి. 19వ శతాబ్దిలో జర్మనీలో పనిచేసిన గణితవేత్త గేయార్గ్ కాంటర్ అనంత సమితులను పోల్చడానికి ఈ పద్ధతినే ఆధారం చేసుకున్నాడు. 0కి 0, 1కి 1, 2కి −1, 3కి 2, 4కి −2 చొప్పున జతచేస్తూ వెళ్లండి. బేసి పూర్ణాంకానికి ఒకటి కలిపి సగం చేస్తే దాని జోడీ వస్తుంది; సరి పూర్ణాంకాన్ని సగం చేసి ఋణగుర్తు పెడితే దాని జోడీ వస్తుంది. ఏ పూర్ణసంఖ్యా మిగిలిపోదు, ఏదీ రెండుసార్లు రాదు. కాబట్టి, ఒకటి రెండోదానిలో భాగమే అయినా, ఈ కొలత ప్రకారం రెండు సమితులూ సమానం. −1000కి జోడీ ఏదని మీ అబ్బాయి అడిగితే 2000 అని చెప్పండి.